తిరుగుడు కొలిచే పీహెచ్‌డీ: భూకంపాల కంటే ముందు నాయిస్‌తో కాపురం

మొన్న రాత్రి ఒక జూనియర్ మెసేజ్ పెట్టాడు. సీస్మాలజీలో, అంటే భూకంపాల శాస్త్రంలో, పీహెచ్‌డీ పొజిషన్ ప్రకటన, అందులో మొదట్లోనే పెద్ద లేజర్ యంత్రం ఫలితాల పొగడ్తలు, దాని కింద ఒక్కటే లైను: "అన్నా, నేల తిరగడాన్ని కొలిచే ప్రాజెక్టట. వెళ్లొచ్చా?"

వెళ్లొచ్చు తమ్ముడూ, కాకపోతే ఆ ప్రకటనలో రాసిన కారణాలకి మాత్రం వెళ్లకు. ఈ ఒక్క వాక్యం పంపి పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఇలాంటి ప్రకటన చూసే నేనూ ఈ పనిలోకి వచ్చాను, నన్నూ ఆ మాటలే లాగాయి, తీరా వచ్చాక మొదటి ఏడాదిన్నర నేను చేసిన పనికీ ఆ మాటలకీ ఎక్కడా పొంతన లేదు. అలాగని మోసపోయానని అనను. అసలు ప్రకటనలో రాయాల్సింది వేరే ఉంది, అది ఎవరూ రాయరు. ఆ వేరేదేంటో చెప్పడానికే ఇదంతా.

ముందు విషయం చెప్పుకుందాం. భూకంపం వచ్చినప్పుడు సీస్మోమీటర్ మూడు గీతలు గీస్తుంది: పైకీ కిందకీ ఒకటి, ఉత్తర దక్షిణాలకి ఒకటి, తూర్పు పడమరలకి ఒకటి. మన శాస్త్రం ఇన్నేళ్లూ దాదాపుగా ఈ మూడు గీతల మీదే నడిచింది. కానీ నేలలో ఒక చిన్న ముక్కని తీసుకుంటే అది అటూ ఇటూ జరగడమే కాదు, తన చుట్టూ తాను కాస్త మెలి తిరుగుతుంది, ఒక పక్కకి ఒరుగుతుంది, సాగుతుంది, నొక్కుకుపోతుంది. ఆ కదలికని పూర్తిగా చెప్పాలంటే 12 సంఖ్యలు కావాలి. జరగడానికి 3, తిరగడానికి 3, ఆకారం మారడానికి 6. మనం మామూలుగా కొలిచేది అందులో పావు వంతు.

మిగతావి ఎందుకు వదిలేశాం? చార్లెస్ రిక్టర్, ఆ స్కేలు రిక్టరే, 1958లో రాసిన పాఠ్యపుస్తకంలో ఈ తిరుగుడు లెక్కలోకి తీసుకోనక్కర్లేనంత చిన్నదని తేల్చేశాడు. ఈ రంగంలో ఎవరు ఉపన్యాసం మొదలుపెట్టినా ఆ మాట చూపించి నవ్విస్తుంటారు. నాకది నచ్చదు. ఆయన కాలం పరికరాలకి ఆ మాట సరైనదే. కావాలంటే లెక్క వేసి చూడండి. తరంగం దూరం నుంచి వరుసగా వస్తోందనుకుంటే, నేల నిలువు అక్షం చుట్టూ తిరిగే వేగం ఎంతంటే, తరంగం నడిచే దారికి అడ్డంగా ఉన్న త్వరణాన్ని ఆ తరంగ వేగానికి రెట్టింపుతో భాగిస్తే వచ్చేదంత. ఉపరితల తరంగాలు సెకనుకు 4 కిలోమీటర్లు పోతాయనుకుందాం. ఎక్కడో దూరాన వచ్చిన పెద్ద భూకంపం మన కాళ్ల కింద నేలని సెకను వర్గానికి 0.1 మిల్లీమీటరు త్వరణంతో ఊపిందనుకుందాం. భాగిస్తే సెకనుకు ఒక రేడియన్‌లో (కోణాన్ని కొలిచే ప్రమాణం) 8 కోట్లో వంతు వస్తుంది. భూమి తన చుట్టూ తాను తిరిగే వేగం దానికి దాదాపు 6 వేల రెట్లు! అంటే మనం ఎక్కి తిరుగుతున్న పెద్ద రంగులరాట్నం మీద కూర్చుని అందులో 6 వేలో వంతు వణుకుని పట్టుకోవాలి. 1958లో ఎవరు పట్టుకుంటారు?

ఇక్కడ చిన్న పక్కదారి. ఈ విషయం మీద ఏ స్లయిడ్ల కట్ట తెరిచినా మొదట్లో ఒక స్తంభం బొమ్మ ఉంటుంది. 1783లో ఇటలీలోని కలాబ్రియా భూకంపాలప్పుడు సాన్ బ్రూనో మఠం ముందున్న రెండు రాతి స్తంభాల పై రాళ్లు కింద రాళ్ల మీద మెలి తిరిగాయి, ఆ బొమ్మ. లేదంటే 1897 అస్సాం మహా భూకంపం తర్వాత భూగర్భ శాస్త్రవేత్త ఆర్. డి. ఓల్డ్‌హామ్ తన నివేదికలో వర్ణించిన, ఛాతక్‌లోని (ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది) జార్జ్ ఇంగ్లిస్ స్మారకం బొమ్మ. "చూశారా, నేల గుండ్రంగా తిరిగింది" అని చెప్పడానికి వాడతారు. కానీ ఈ స్తంభాలు అంత సాక్ష్యం చెప్పవు. రాయి మీద రాయి పెట్టినప్పుడు అవి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్న చోటు సరిగ్గా బరువు మధ్యలో ఉండదు, అలాంటప్పుడు నేల తిన్నగా అటూ ఇటూ ఊగినా పై రాయి మెలి తిరుగుతుంది. ఈ సంగతి ఐరిష్ ఇంజినీరు రాబర్ట్ మాలెట్ 19వ శతాబ్దంలోనే విప్పి చెప్పాడు. అయినా ఆ బొమ్మ మొదటి స్లయిడ్ వదలదు. తన వాదానికి మొదటి రుజువుగా చెల్లని సాక్ష్యాన్ని పెట్టుకునే అలవాటు ఈ రంగానికి ఉంది, నేనూ రెండు సార్లు ఆ బొమ్మ వాడాను.

అసలు రుజువు కాంతి నుంచి వచ్చింది. మూసి ఉన్న ఒక దారిలో రెండు కిరణాలని ఎదురెదురు దిక్కుల్లో పంపితే, ఆ దారి మొత్తం కాస్త తిరిగినప్పుడు ఒక కిరణానికి దూరం పెరుగుతుంది, రెండోదానికి తగ్గుతుంది. 1913లో ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త జార్జ్ సాన్యాక్ చూపించిన సంగతి ఇది. లేజర్లు వచ్చాక అదే దారిలో రెండు లేజర్ కిరణాలు తిరిగితే వాటి పౌనఃపున్యాల్లో తేడా వస్తుంది, ఆ తేడాని లెక్కపెట్టడం తేలిక. జర్మనీలోని బవేరియాలో వెట్‌జెల్ అనే చోట నేల అడుగున 'జి' అనే రింగ్ లేజర్ ఉంది. 4 మీటర్ల భుజంతో చతురస్రం, వేడికి దాదాపు వ్యాకోచించని జెరోడూర్ గాజు సిరామిక్ మీద కట్టారు. భూమి తిరుగుతుండటం వల్లే అందులో ఎప్పుడూ 348.5 హెర్ట్జ్ మోగుతూ ఉంటుంది. నిజంగానే మోగుతుంది, స్పీకర్‌కి కలిపితే వినొచ్చు. భూకంప తరంగం వచ్చినప్పుడు ఆ శ్రుతి రవ్వంత వణుకుతుంది. అది భూభ్రమణాన్ని కొలవడానికి కట్టిన పరికరం, భూకంపాల కోసం కాదు. భూకంపాలు వాళ్లకి అడ్డొచ్చే నాయిస్. ఒకరి నాయిస్ ఇంకొకరి డేటా అవ్వడం ఇక్కడి నుంచే మొదలైంది.

2003 సెప్టెంబరు 25న జపాన్‌లో తొకాచి-ఓకి భూకంపం వచ్చింది, తీవ్రత 8.1. దాదాపు తొమ్మిది వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న వెట్‌జెల్ రింగ్ దాన్ని రాసింది. మ్యూనిక్ విశ్వవిద్యాలయం నుంచి హైనర్ ఇగెల్ బృందం ఆ గీతని పక్కనే ఉన్న మామూలు సీస్మోమీటర్ అడ్డ త్వరణం గీతతో కలిపి గీసింది. రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఒకటి కాంతి పౌనఃపున్యం లెక్కపెట్టే యంత్రం, ఇంకొకటి బరువునీ స్ప్రింగునీ నమ్ముకున్న యంత్రం, రెండింటికీ ఎక్కడా చుట్టరికం లేదు, అయినా ఒంపు ఒంపుకీ కలిశాయి. ఆ బొమ్మ చూసే నేను ఈ పనికి అప్లై చేశాను.

ఇంటర్వ్యూలో ఆ బొమ్మ గురించి ఉత్సాహంగా మాట్లాడాను. కెమెరాకి అవతల ఉన్న ఒక పెద్దావిడ అంతా విని, "రెండు గీతలూ ఒకటే అయితే రెండో యంత్రం ఎందుకు?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. అప్పటికి చదువుకున్నది ఏదో చెప్పాను. ఉద్యోగం వచ్చింది, ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. కానీ ఈ రంగం మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతోందని అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. గీతలు కలిసిన చోట మనకి దక్కేది వాటి నిష్పత్తి. త్వరణాన్ని తిరుగుడు వేగానికి రెట్టింపుతో భాగిస్తే మన కాళ్ల కింద తరంగం ఎంత వేగంగా పోతోందో వస్తుంది, అదీ ఒక్క చోట నిలబడి. మామూలుగా ఆ వేగం కావాలంటే చాలా సీస్మోమీటర్లు పరచాలి. అంతేకాదు, అడ్డ దిక్కు ఏదో వెతికితే రెండు గీతలూ బాగా కలిసే దిక్కు దొరుకుతుంది, దానికి లంబంగా ఉన్నదే తరంగం వచ్చిన దారి. ఒక్క స్టేషన్‌తో వేగమూ దిక్కూ రెండూ.

గీతలు కలవని చోటు ఇంకా బాగుంటుంది. భూకంపం నుంచి అన్నిటికంటే ముందు వచ్చే పీ తరంగం లోపలి రాతిలో నేలని తిప్పదు, నొక్కి వదులుతుంది అంతే. కాబట్టి నిలువు అక్షం చుట్టూ కొలిచే సెన్సర్ పీ తరంగం వచ్చినప్పుడు ఊరుకోవాలి. ఊరుకోదు. పీ తరంగం వెనకాలే వచ్చే తోకలో తిరుగుడు కనబడుతుంది, అంటే దారిలో రాళ్లు తరంగాన్ని చెదరగొట్టి కొంత శక్తిని అడ్డంగా ఊగే ఎస్ తరంగాలుగా మార్చాయన్నమాట. వెట్‌జెల్‌లో ఇది నిజంగానే చూశారు. అలాగే సముద్రం ఎప్పుడూ నేలని కొడుతూ ఉంటే పుట్టే సన్నటి హోరులో లవ్ తరంగాలు (నేలని పక్కలకి ఊపేవి) ఎంత, రేలీ తరంగాలు (నేలని అలలా పైకీ కిందకీ దొర్లించేవి) ఎంత అన్న పాత ప్రశ్న. నిలువు అక్షం తిరుగుడుకి రేలీ తరంగం వినబడదు, లవ్ తరంగం మాత్రమే వినబడుతుంది, కాబట్టి ఆ సెన్సర్ ఒక జల్లెడ. ఇవన్నీ సరైన కారణాలే. మరి ప్రకటనలోని కారణాలకి వెళ్లొద్దని ఎందుకన్నాను?

ఎందుకంటే పైన చెప్పినవన్నీ ఒక పెద్ద రింగ్ లేజర్ చేసిన పనులు. పీహెచ్‌డీ విద్యార్థి చేతికి ఇచ్చేది అది కాదు. చేతికి వచ్చేది ఫైబర్ ఆప్టిక్ గైరో, కిలోమీటర్ల పొడవు ఫైబర్‌ని చుట్ట చుట్టి పెట్టెలో పెట్టిన సెన్సర్. సాన్యాక్ సూత్రమే, ఎక్కడికైనా మోసుకెళ్లొచ్చు, మూడు అక్షాలూ కొలుస్తుంది, భూమి తిరుగుడు తనకి తెలుస్తుంది కాబట్టి అసలు ఉత్తరం ఎటుందో కూడా తనే కనుక్కోగలదు. అద్భుతమైన వస్తువు. కానీ దాని సొంత నాయిస్ ఒక హెర్ట్జ్ వెడల్పు పట్టీకి సెకనుకు కొన్ని పదుల నానోరేడియన్లు. ఇప్పుడు సముద్రపు హోరు లెక్క వేయండి. నేల ఒక మైక్రోమీటరు ఊగుతుంది, అయిదారు సెకన్లకోసారి. దాని త్వరణాన్ని తరంగ వేగం రెట్టింపుతో భాగిస్తే సెకనుకు ఒక నానోరేడియన్‌లో అయిదో వంతు కూడా కష్టంగా వస్తుంది. అంటే సెన్సర్ నాయిస్ కింద ఎక్కడో నూరు అడుగుల లోతున ఉంటుంది ఆ సిగ్నల్. ప్రకటనలో మొదటి పేరాలో రింగ్ లేజర్ ఫలితాలు పొగుడుతారు, మూడో పేరాలో మోసుకెళ్లే సెన్సర్ ఇస్తామంటారు. మధ్య పేరాలో ఈ లెక్క ఉండాలి. ఉండదు.

ఈ లెక్క నేను చేరిన ఎనిమిదో నెలలో వేసుకున్నాను. చేరకముందే వేయాల్సింది, పది నిమిషాల పని. అప్పటికి నా ప్రతిపాదనలో రెండో అధ్యాయం పేరు 'సముద్ర నాయిస్‌తో భూగర్భ చిత్రణ'. సూపర్‌వైజర్‌కి చూపిస్తే తాపీగా, "అవును, ఎప్పుడు కనుక్కుంటావా అని చూస్తున్నా" అన్నారు. కోపం వచ్చిందా అంటే వచ్చింది. రెండు వారాలు మాట్లాడలేదు. ఇప్పుడు ఆలోచిస్తే కోపం న్యాయమే అనిపిస్తుంది. ఆ మాట ఇంటర్వ్యూలోనే చెప్పి ఉండొచ్చు, చెప్పినా నేను వచ్చేవాణ్ణే.

అసలు మాటకొస్తాను. ఈ పొజిషన్‌ని భూకంపాల పొజిషన్ అనుకుంటే నిరాశ తప్పదు. నాయిస్ పొజిషన్ అనుకోండి. ఏ గీత నేలది, ఏ గీత పెట్టెది, ఏ గీత గదిది, ఏ గీత నాది అని విడదీసి చెప్పగలగడం నేర్పే పని అనుకోండి. నా వాదం ఒక్కటే: సిగ్నల్ నాయిస్‌కి రవ్వంత పైన ఉన్న రంగంలో పీహెచ్‌డీ చేసినవాడికి కొలత అంటే ఏంటో తెలుస్తుంది, లక్షల భూకంపాలు శుభ్రంగా పేర్చి ఉన్న కేటలాగ్ దింపుకుని మోడల్ ట్రెయిన్ చేసినవాడికి అది తెలియాల్సిన అవసరం రాదు. రెండోవాడి పని తక్కువదని కాదు. వాడి పేపర్లు నా పేపర్లకి మూడింతలు, అదీ ఒప్పుకుంటాను. కానీ ఆ కేటలాగ్‌లో ఒక స్టేషన్ ఉత్తరం తప్పుగా పెట్టారనుకోండి, వాడికి ఎప్పటికైనా తెలుస్తుందా?

ఉత్తరం అంటే గుర్తొచ్చింది, మైనస్ గుర్తు కథ చెప్పాలి. పుస్తకాల్లో సూత్రం ఇలా ఉంటుంది: తిరుగుడు వేగం అంటే మైనస్ అడ్డ త్వరణం బై రెండింతలు వేగం. నేను నా మొదటి మంచి భూకంపాన్ని తీసుకుని రెండు గీతలూ గీశాను, చక్కగా కలిశాయి, కాకపోతే తలకిందులుగా. సూత్రంలో మైనస్ ఉంది కదా, అది వేసేశాను కదా, మళ్లీ తలకిందులేంటి? సెన్సర్ తిరగేసి పెట్టానేమో అనుకుని వెళ్లి చూశాను. లేదు. దిక్కు వెతికే ప్రోగ్రాం నడిపితే ప్రతి భూకంపమూ ఉండాల్సిన దిక్కుకి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి వస్తోంది. మూడు వారాలు. చివరికి తేలిందేంటంటే, పుస్తకంలోని అక్షాలు కుడిచేతి వాటం, మన సాఫ్ట్‌వేర్‌లో మూలం నుంచి బయటికి ఒకటి, దానికి కుడి వైపు అడ్డంగా ఒకటి, పైకి ఒకటి అని తీసుకునే అక్షాలు ఎడమచేతి వాటం. ఆ వాటంలో అదే సూత్రం ప్లస్ అవుతుంది. జరగడాన్ని మాత్రమే కొలిచినన్నాళ్లూ ఏ చేతి వాటం అన్నది ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే బాణానికి చేతి వాటం లేదు, తిరుగుడుకి ఉంది. ఇది చదివి నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. ఈ రంగంలో పనిచేసే ఎవర్నైనా పక్కకి పిలిచి అడగండి, ఏదో ఒక రాత్రి ఇదే మైనస్‌తో గడిపి ఉంటారు.

ఇప్పుడు ఒరుగుడు గురించి. నన్నడిగితే ఈ సెన్సర్ ఉనికికి అసలు న్యాయం ఇదే, మిగతావన్నీ తర్వాత. సీస్మోమీటర్ లోపల ఉన్న బరువుకి నేల పక్కకి జరిగిందో, పక్కకి ఒరిగిందో తేడా తెలియదు. ఒరిగితే గురుత్వాకర్షణలో ఒక ముక్క అడ్డంగా లాగుతుంది, అది త్వరణంలాగే కనబడుతుంది. ఐన్‌స్టీన్ చెప్పిన సమానత్వం ఇక్కడ మన కొంప ముంచుతుంది. ఎంత ముంచుతుంది? ఒక మైక్రోరేడియన్ ఒరుగుడు, అంటే కిలోమీటరు పొడవు దూలం ఒక చివర ఒక మిల్లీమీటరు లేవడం. దానివల్ల వచ్చే దొంగ త్వరణం సెకను వర్గానికి 9.8 మైక్రోమీటర్లు. ఏమీ కాదనిపిస్తుంది. కానీ త్వరణం నుంచి స్థానం తెలుసుకోవాలంటే రెండు సార్లు కలపాలి, కలిపితే ఆ తప్పు సమయం వర్గంతో పెరుగుతుంది. నూరు సెకన్లలో దాదాపు 5 సెంటీమీటర్లు! జరగని నేల 5 సెంటీమీటర్లు జరిగినట్టు. ఈ తప్పు సీస్మోమీటర్ ఎంత ఖరీదైనదైనా పోదు, ఎందుకంటే తప్పు సీస్మోమీటర్‌ది కాదు. తిరుగుడుని విడిగా కొలిస్తే తప్ప దారి లేదు, కాంతితో పనిచేసే గైరోకి గురుత్వాకర్షణతో పని లేదు కాబట్టి అది ఒక్క తిరుగుడునే చూస్తుంది.

దూరపు భూకంపాలకి ఇది పెద్ద గొడవ కాదు. దగ్గరగా ఉన్నప్పుడు గొడవ. అగ్నిపర్వతం మీద మరీ. 2018లో హవాయి కిలావెయా శిఖరం విడతలు విడతలుగా కూలినప్పుడు, దగ్గర్లో పెట్టిన ఫైబర్ గైరో ఆ ఒరుగుళ్లని సీస్మోమీటర్‌తో పాటు రాసింది. అలాంటి చోట తిరుగుడు కొలత లేకుండా అడ్డ గీతలని నమ్మడం కష్టం. సముద్రం అడుగున పెట్టే సీస్మోమీటర్లదీ అదే బాధ, ప్రవాహాలు వాటిని ఊరికే ఒరిగిస్తుంటాయి. గురుత్వ తరంగాలు పట్టే లైగో వాళ్లకి కూడా ఇదే తలనొప్పి. గాలి భవనాన్ని తోస్తే నేల ఒరుగుతుంది, ఆ ఒరుగుడుని నేల కదలికగా పొరబడితే మొత్తం అద్దాల వ్యవస్థ తప్పు దిక్కుకి సర్దుకుంటుంది, అందుకే అమెరికాలోని హాన్‌ఫర్డ్ లైగో కేంద్రంలో తిరుగుడు సెన్సర్లు పెట్టి ఆ భాగాన్ని తీసేస్తారు.

నా సొంత రుజువు ఇంత గొప్ప చోట రాలేదు. మా సెన్సరూ, సీస్మోమీటరూ నేలమాళిగలో ఒకే కాంక్రీటు పలక మీద ఉండేవి. రోజూ పొద్దున ఏడు దాటాక అడ్డ గీతలో ఒక పెద్ద మూపురం. వారాంతాల్లో లేదు. భూకంపం కాదని తెలుసు, ఏంటో తెలియదు. ఒక రోజు ఆరింటికే వెళ్లి కూర్చున్నాను. శుభ్రం చేసే ఆవిడ నీళ్ల తొట్టి ఉన్న బండిని తోసుకొచ్చి, సరిగ్గా మా పలక అంచున ఆపి, పక్క గది తుడవడానికి వెళ్లారు. బండి బరువుకి పలక ఒరుగుతోంది. గైరోలో కూడా అదే సమయానికి చిన్న గుర్తు ఉంది, నేను అప్పటిదాకా దాన్ని చూడనే లేదు, ఎందుకంటే చూడాలనుకోలేదు. గైరో గీతని కోణంగా మార్చి, 9.8తో గుణించి, సీస్మోమీటర్ గీతలోంచి తీసేశాను. మూపురం పోయింది. చదునుగా, ఇస్త్రీ చేసినట్టు. మర్నాడు ఆవిడని అడిగి బండిని నాలుగు చోట్ల ఆపించాను, నాలుగు సార్లూ పోయింది. నా థీసిస్‌లో మూడో అధ్యాయం ఆ బండి నుంచి పుట్టింది, ఆవిడకి కృతజ్ఞతలు కూడా రాశాను. పెద్ద భూకంపం కోసం ఏడాది ఎదురుచూసినవాడికి దొరికింది తుడుపు బండి.

ఇప్పుడు నా వాదానికి ఎదురు చెప్పేవాళ్ల మాట. గట్టి అభ్యంతరం ఒకటుంది: ఇంత ఖరీదైన, కరెంటు తాగే పెట్టె ఎందుకు, చుట్టూ కొన్ని మామూలు సీస్మోమీటర్లు పరిచి వాటి మధ్య తేడాల నుంచి తిరుగుడు లెక్కగడితే పోదా? పోతుంది. నిజంగానే పోతుంది. కాలిఫోర్నియాలోని పిన్యోన్ ఫ్లాట్ దగ్గర రెండు పద్ధతుల్నీ పోల్చారు కూడా. మామూలు బ్రాడ్‌బ్యాండ్ సీస్మోమీటర్‌కి ఒక వాట్ కరెంటు చాలదా అంటే చాలుతుంది, గైరోకి కొన్ని పదుల వాట్లు కావాలి, అడవిలో బ్యాటరీలు మోసినవాడికి ఆ తేడా భుజాలకి తెలుసు. దూరపు భూకంపాల నిమిత్తం అయితే నేను కూడా సీస్మోమీటర్లు పరచమనే అంటాను. కానీ ఆ లెక్కకి ఒక షరతు ఉంది: పరిచిన జాగా మొత్తం ఒకే తీరుగా మెలి తిరగాలి, అంటే తరంగం పొడవు ఆ జాగా కంటే చాలా పెద్దదై ఉండాలి. అగ్నిపర్వతం అంచున, భవనం లోపల, వంతెన మీద అది కుదరదు. చంద్రుడి మీదో, ఒక తోకచుక్క మీదో ఒక్క పెట్టె దించగలిగితేనే గొప్ప, అక్కడ పది పరుస్తామంటే ఎవరొప్పుకుంటారు? ఐరోపాలో పయనీర్స్ అనే ప్రాజెక్టు ఆ ఆలోచనతోనే నడిచింది, అంతరిక్షానికి పంపగల ఆరు గీతల (జరగడానికి మూడు, తిరగడానికి మూడు) పరికరం చేయాలని. కాబట్టి నా జవాబు: పరచగలిగే చోట పరచండి, పరచలేని చోట్ల జాబితా మీ పీహెచ్‌డీ.

రెండో అభ్యంతరం ఉద్యోగాలది. ఈ రంగం చిన్నది. తిరుగుడు సీస్మాలజీకంటూ అంతర్జాతీయ బృందం ఏర్పడింది 2006లో; ఒక సమావేశంలో అందరూ ఒకే హాల్లో పడతారు, మీ పేపరుని పరిశీలించేది ఎవరో చదవకముందే ఊహించొచ్చు. దీనికి నేను తీయటి జవాబు చెప్పను. 'తిరుగుడు సీస్మాలజిస్టు కావలెను' అని ఏ ప్రకటనా రాదు. కానీ సెన్సర్ నాయిస్ విడదీయగలవాడు, పరికరాన్ని పొలంలో పెట్టి నడిపించగలవాడు, తన తప్పుని తానే పట్టుకోగలవాడు చాలా చోట్ల కావాలి. నాతో పనిచేసిన ఒకతను ఇప్పుడు గైరోలు చేసే చోట ఉన్నాడు, ఇంకొకామె వంతెనల ఆరోగ్యం చూస్తోంది. వాళ్లిద్దరూ సీస్మాలజీ వదిలేశారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఎవరు వెళ్లకూడదో కూడా చెప్తాను. టంకం వాసన, తడి గొయ్యి, పనిచేయని జీపీఎస్ గడియారం అంటే చిరాకు పుట్టేవాళ్లు వెళ్లకండి. మొదటి ఏడాదిలో పేపరు రావాలని టెన్షన్ పడేవాళ్లు వెళ్లకండి, రాదు. ఉష్ణోగ్రత అర డిగ్రీ మారితే గీత ఎలా జారుతుందో చూస్తూ ఒక నెల గడపగలిగితే, ఆ నెల వృథా అయిందని అనిపించకపోతే, వెళ్లండి.

ఇక తమ్ముడికి. ఇంటర్వ్యూలో నువ్వు అడగాల్సినవి ఇవి. ఏ సెన్సర్ ఇస్తారు, దాని నాయిస్ గీత చూపించండి అని అడుగు. పొడవాటి వివరణ ఇచ్చి గీత చూపించకపోతే అర్థం చేసుకో. ఆ గీత మీదే నువ్వు కొలవాలనుకున్న సిగ్నల్‌ని పెన్సిల్‌తో గీసి చూడు, సూత్రం పైన రాశాను, త్వరణం బై రెండింతలు వేగం. వేగం తక్కువ ఉన్న మెత్తటి నేలల్లో తిరుగుడు పెరుగుతుందని గుర్తుంచుకో, బురద నీ పక్షాన ఉంటుంది. ఆ సెన్సర్ నీ ఒక్కడికేనా, ముగ్గురు పంచుకోవాలా అని అడుగు, ఇది అందరూ మర్చిపోతారు. రిపేరుకి పంపితే ఎన్ని నెలలు పడుతుందో అడుగు. మాది ఒకసారి వెళ్లి ఏడు నెలలు రాలేదు. చివరగా, "రెండు గీతలూ ఒకటే అయితే రెండో యంత్రం ఎందుకు" అని వాళ్లు నిన్ను అడిగేలోపు నువ్వే వాళ్లని అడుగు. ముగ్గురున్న ప్యానెల్ అయితే మూడు జవాబులు వస్తాయి. అందులో ఒక్కరైనా ఒరుగుడు గురించి మాట్లాడితే ఆ మనిషి కింద చేరు.

అప్లికేషన్‌కి గడువు ఈ నెలాఖరని ప్రకటనలో ఉంది. కవర్ లెటర్‌లో స్తంభం బొమ్మ కథ రాయకు.